పాముపెట్టెలో పదును

నిన్న ఇంటర్నెట్ తీగ సరిచేయడానికి వచ్చినాయన మా హాలు గోడ మీద అద్దంలో బిగించిన పొడుగాటి కుబుసాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవరిదప్పా ఇది?" అన్నాడు. "నాదే. ఏడో తరగతిలో రెండుసార్లు విడిచినా. ఎనిమిదిలోకి మాత్రం పాకలేకపోతి" అన్నాను. నవ్వాలో వద్దో తెలియక ఆయన నా మెడ కేసి చూశాడు. నిజానికి అది మా చెల్లెలి కూతురు పెంచుకునే పాముది. ఆఫ్రికా జాతి, విషం లేనిది, సర్కారు కాగితాలన్నీ ఉన్నది. నాకున్న కాగితాల కంటే దానికే ఎక్కువ. మా ఆవిడ ఇంట్లో పాము అనే మాట పలకనివ్వదు గనుక అందరం దాన్ని, ఎవరో పెద్దమనిషిని ఆయన అన్నట్టు, "ఆయప్ప" అంటాం.

బళ్లారి కంటోన్మెంట్‌లో మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేసుకునే ఆ మేనకోడలు, రెండేళ్ల కిందటి మే నెలలో ట్రైనింగుకని నెల రోజులు బెంగళూరు పోవలసి వచ్చింది. పోతూ పోతూ నన్ను గాజుపెట్టె ముందు నిలబెట్టింది. "మామా, ఒక పక్క వెచ్చగుండాల, ఇంగో పక్క చల్లగుండాల. తేమ అరవైకి తగ్గగూడదు. పోయినసారి కుబుసం సరిగా ఊడక ఒక కంటి మీద పొర నిలబడిపోయింది. ఈసారీ అట్లే అయితే చూపుకే మోసం. నిన్ను నమ్మి పోతాండా." నేను ముప్పై ఏళ్లుగా కూలర్లు బాగుచేసేవాణ్ణి. బళ్లారి ఎండతో కుస్తీ నా వృత్తి. "పోయిరా తల్లీ, ఆయప్పను ఊటీలో పెడతా" అన్నాను.

పెట్టాను కూడా. మా ఊళ్లో ఎండాకాలం దేన్ని కాపాడాలన్నా ఒకటే వైద్యం: తడి గోనెసంచి కప్పి, కూలర్ అటు తిప్పడం. తాగేనీళ్లకూ కూరగాయలకూ పనిచేసింది పాముకు పనిచేయదా అనుకున్నాను. వారం తిరిగేసరికి మీటరులో తేమ తొంభై దాటింది. గాజుకు చెమటలు పట్టాయి, అడుగున పరిచిన కొబ్బరిపొట్టు బురదయింది, ఆయప్ప పొట్ట మీద ఎర్రటి మచ్చలు తేలాయి. భయపడి సంచి పారేసి, ఎండిన పొట్టు పరిచాను. మచ్చలు తగ్గాయి గానీ మీటరు ముప్పైకి దిగింది. సరిగ్గా అప్పుడే ఆయప్ప కళ్లను పాలపొర కమ్మింది. కుబుసం విడిచే వేళ వచ్చిందన్నమాట. తడిపితే పొట్ట చెడుతుంది, ఆరబెడితే కన్ను పోతుంది. అమ్మాయికి ఏ మొహం చూపించాలి?

సిరిగేరిలో వరి పండించే మా అన్నకు ఫోన్ చేశాను. సంగతి విని ఆయన ముందు నవ్వూ, తర్వాత దగ్గూ పూర్తి చేసుకున్నాడు.

"ఏందప్పా, పెట్టెలో నాట్లేస్తాండావా? అన్ని నీళ్లేందికి? రైతు ఇంట పుట్టి హద తెలీదా నీకు?"

మట్టిలో తడి ఎక్కువా తక్కువా కాకుండా ఉండడాన్ని తెలుగులో పదును అంటే, కన్నడంలో హద అంటారు. మావాళ్లకు ఏది ముందు నోటికొస్తే అది.

"పొట్టు పిడికిట పట్టి నొక్కు. ఉండ కావాల, నీళ్లు కారగూడదు. మడంతా తడపొద్దు, ఒక మూల సాలు."

పెట్టెను పడమటి గోడ దగ్గర నుంచి నడింట్లోకి జరిపాను. కూలర్ మొహం అవతలికి తిప్పాను. వెచ్చని పక్క పొడిపొట్టు వేశాను. అక్కడ వేడిపలక ఉంది గానీ, మే నెలలో దాని డ్యూటీ సగం ఊరే చేస్తుంది. చల్లని పక్క ఒక మట్టికుండను బోర్లించి, అంచు పగలగొట్టి వాకిలి చేసి, దాని లోపల మాత్రం ఉండ కట్టేంత పదునుగా పొట్టు నింపాను. పొద్దునా సాయంత్రం పిడికిలి నొక్కి చూడటమే పని. ఆయప్ప రెండు రోజులు బాడుగ ఇల్లు చూసేవాడిలా కుండ చుట్టూ తిరిగి, మూడో రోజు లోపలికి పోయి తల బయట పెట్టలేదు. మా ఆవిడ గడప అవతలే నిలబడి "ఉండాడా?" అని రోజూ అడిగేది. ఏ జవాబు కోరుకునేదో నాకిప్పటికీ తెలియదు.

తొమ్మిదో రోజు పొద్దున కుండ వాకిట్లో కుబుసం, మేజోడు తిరగేసి ఊడదీసినట్టు, ముక్కు నుంచి తోక దాకా ఒక్కటే ముక్క. తలభాగం వెలుతురుకు పట్టి చూశాను. రెండు కళ్లకూ రెండు బిళ్లలు, గాజుపొరల్లా, దానితోనే వచ్చేశాయి. ఏ మార్కుల కాగితాన్నీ నేనంత జాగ్రత్తగా పట్టుకోలేదు. లోపల ఆయప్ప నిగనిగలాడుతూ, నల్లటి కళ్లతో నన్నే చూస్తున్నాడు.

మేనకోడలే దానికి అద్దం కట్టించింది. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు నేను ఈ కథ పోస్తాను. మొన్న మళ్లీ మొదలుపెడితే ఆ పిల్లే నన్ను ఆపింది.

"మామా, ఆయప్ప అప్పటినుంచీ ఎన్ని కుబుసాలు విడిసి ముందుకు పోయినాడో! నువ్వు మాత్రం రెండేండ్లుగా ఆ ఒక్కదాంట్లోనే ఉండావు కదప్పా!"