దీక్షా టెంటుల లాగోస్ పట్నం

ఆఫ్రికాకు పడమటి దిక్కున లాగోస్ అనే రేవు పట్నం ఉన్నది. గాడ నేను మూడేండ్లు ఉండి వచ్చిన. ఈ మాట జనగామ చౌరస్తా కాడ దీక్షా టెంటుల మైకు పట్టుకొని తొమ్మిది దినాలు చెప్పిన. మూడేండ్లు కాదు, మూడు గడియలు గూడ ఉండలేదు. నా బతుకుల నేను చూసిన అతి పెద్ద నీళ్ళు పాకాల చెరువు.

అబద్ధం ఎట్ల పుట్టిందో చెప్త. తెలంగాణ కోసం అందరం రోడ్డు మీద ఉన్న రోజులవి. టెంటుల దినానికి ఒక పనోళ్ళు నిరాహారంగ కూసునేది. ఇయ్యాల దర్జీలు, రేపు ఆటోలోళ్ళు, ఎల్లుండి వకీళ్ళు. పొద్దుగూకినంక ఎవరో పెద్దమనిషి నిమ్మరసం తాగిపిచ్చేది. అందాక మైకు మూగబోవద్దు. మూగబోతే ఉద్యమం చల్లబడ్డదనుకుంటరని అందరికీ బుగులు. నాయకులేమో ఎప్పుడూ ఆలస్యమే. స్కూల్ల అటెండరు పని చేసి రిటైరైన నన్ను పట్టుకొని, “తాతా, నువ్వన్న ఏదో ఒకటి మాట్లాడు” అనేటోళ్ళు.

అప్పుడు జనం గుండెల మీద ఒకటే బరువు. రాష్ట్రం వస్తది సరే, పట్నం మనకు ఉంచుతరా? హైదరాబాదు మేమే కట్టినమని అవతలోళ్ళు అంటున్నరాయె. అందుకే నేను ఇంకో పట్నం ముచ్చట ఎత్తుకున్న.

ముందు గాడ చుట్టూ నీళ్ళు, నడుమ ఒక దీవి, దాని మీద చేపలు పట్టేటోళ్ళ గుడిసెలు. ఓడలల్ల వచ్చిన తెల్లోళ్ళు తమ బాసల సరస్సనే మాటను ఆ ఊరికి పేరు పెట్టిన్రు. తర్వాత మనుషులను అమ్మిన్రు, కొన్నరు, ఓడలకెక్కిచ్చిన్రు. ఇంకో దేశపు తెల్లోళ్ళు వచ్చి ఆ బేరం ఆపుతమని ఫిరంగులు పేల్చిన్రు, ఆఖరికి ఊరినే ఉంచుకున్నరు. సముద్రం మూతికాడ ఇసుక మేట ఉండె. పెద్ద ఓడ లోపలికి రాదు. మనుషులను బుట్టల కూసోపెట్టి చిన్న పడవలకు దించేది. ఆఖరికి బండరాళ్ళు తెచ్చి నీళ్ళల్ల గోడలు కట్టిన్రు, ఇసుక తోడిన్రు, రైలు వేసిన్రు.

“గా రాళ్ళు మోసిందెవరు?” అని అడిగేది నేను.

“ఊరోళ్ళే!” అనేది టెంటు.

“మరి పట్నం ఎవరిది?”

“మోసినోళ్ళది!”

ఆ చప్పట్లు సారా కంటె చెడ్డవి. మర్నాడు, నేను గూడ రాళ్ళు మోసిన్నని చెప్పిన. ఆ మర్నాడు, తెల్లోళ్ళు ఏడ్చుకుంట ఓడెక్కిన్రనీ, రాజధాని ఇప్పటికీ గాడనే ఉన్నదనీ చెప్పిన.

తొమ్మిదో దినం జఫర్‌గఢ్ దిక్కు తండాల ఆడోళ్ళు కూసున్నరు. నిమ్మరసమైనంక ఒకామె నా తానకొచ్చింది. ఎనుక మొగడు. అతను భూపాలపల్లి దిక్కు బొగ్గు పనిల డంపర్ తోలుతడు. సమ్మెతోని చక్రం ఆగి ఇంటికొచ్చిండు.

“బాపూ, బయటి దేశాలకు మనుషులను పంపే ఏజెంటు ఒకడు పట్నంల ఉన్నడు, ఈయనను గా లాగోస్‌కే తోలుకపోతనంటుండు. రేవుల డంపర్ పనట. నువ్వు చూసినోనివి. పంపాల్నా, వద్దా?”

అప్పుడన్న నోరు మూసుకోవాలె. “పంపు బిడ్డా, బంగారమసోంటి ఊరు! రేవుల నా దోస్తు ఉన్నడు, చిట్టి రాసిస్త” అని చెప్పిన.

ఆమె నా కాళ్ళు మొక్కింది. అతను, “ఇగ రంది లేదు, పొద్దుగాల్నే పాస్‌పోర్టు ఇచ్చొస్త” అని నవ్విండు.

మర్నాడు కాలేజీల పాఠం చెప్పే ఒకాయన నన్ను పక్కకు గుంజిండు. “తాతా, జర మెల్లగ. వాళ్ళ రాజధాని గాడ లేదు, ఎన్నడో వేరే ఊరికి మార్చిన్రు. మన పట్నం సంగతి గూడ గంతేనా అని జనం పరేషాన్ అయితరు.”

“నేనున్నప్పుడు గాడనే ఉండె” అని తప్పిచ్చుకున్న. రాజధాని పోయిన సంగతే తెల్వనోన్ని, గాడ పనికి పోయినోనికి కూడు పెడతరా, కొడతరా నాకేం తెలుసు? స్కూలు లైబ్రరీల ప్రపంచ నగరాల మీద ఒక పుస్తకం ఉండె. చెదలు తినంగ మిగిలింది లాగోస్ పాఠం ఒక్కటే, అదీ రైలు వచ్చేదాక. ఆ తర్వాతదంత నా సొంతం.

రెండు దినాలు చిట్టి ముంగటేసుకొని కూసున్న. “ప్రియమైన దోస్తుకు” అని రాసి ఆగిన. లేని దోస్తుకు పేరేం పెట్టాలె? బువ్వ ముట్టకపోతే మా ముసల్ది, “ఇంట్ల గూడ దీక్షనా?” అని ఎక్కిరిచ్చింది.

మూడోనాడు పోయిన. బస్సులు బంద్. జఫర్‌గఢ్ దాక ఆటోల, ఆడికెంచి తండాకు నడక. ఆమె సూట్‌కేసుల బట్టలు సర్దుతున్నది.

“చిట్టి తెచ్చినవా బాపూ?”

“చిట్టి లేదు బిడ్డా. దోస్తు లేడు. నేను గాడికి పోనే లేదు.”

ఆమె తమ బాసల మొగనితోని ఏదో అన్నది. మాట తెల్వకున్నా నాకు సమజయింది.

“రాళ్ళు మోసిన అంటివి గద!”

“హాజరు రిజిస్టర్లు మోసిన.”

“గింత ముసలోనివి, సిగ్గు లేదా?”

“ఉంటే మైకు పట్టుకుందునా?”

అతను ముంగటికి వచ్చిండు. “నీ మాట మీదనే పాస్‌పోర్టు ఇచ్చిన” అన్నడు. ఏజెంటుతోని నేను మాట్లాడత, ఫోన్ ఇయ్యిమన్న. “నువ్వు మాట్లాడకు” అని ఆమెనే చేసింది.

“అన్నా, పని రేవులనా, ఊరవతలనా? కాగితం ఎవరి పేరు మీద ఇస్తరు? గాడున్న మన దిక్కు మనిషి నంబరు ఒక్కటియ్యి.”

పోయినంక అన్నీ తెలుస్తయన్నడు వాడు. “పోయినంక ఆయనకు తెలుస్తది, నాకెట్ల తెలుస్తది?” అన్నది. నమ్మకం లేకుంటే వచ్చి పాస్‌పోర్టు తీస్కపొమ్మని వాడు ఫోన్ పెట్టేసిండు.

తెల్లారి కూరగాయల డీసీఎం బండిల ముగ్గురం పట్నం పోయినం. పాస్‌పోర్టు వాపస్ ఇస్తడో లేదో అని తొవ్వ పొడుగున ఒకటే రంది. ఇచ్చిండు. ఆమె ఫొటో ఉన్న పేజీ విప్పి చూసి కొంగుల కట్టుకున్నది. అతను జనగామ వచ్చేదాక నా మొఖం చూడలేదు.

తర్వాత సమ్మె అయిపోయింది, అతను మళ్ళ డంపర్ ఎక్కిండు. ఎదురైనప్పుడల్ల అడుగుతడు: “బాపూ, పోయుంటే బాగుపడుదునా?”

ఏజెంటు దొంగనో, మంచోడో ఎవరికీ తేలలేదు. “తెల్వదు బిడ్డా” అంట. నిజంగనే తెల్వదు.