తువ్వాల కింద బేరం

పెబ్బేరు దగ్గరి ఊరి బడిలో లెక్కల టీచరుగా చేరినప్పుడు అద్దె గది కోసం తిరిగాను. ఇంటాయన ముందు మాది ఏ ఊరని అడిగాడు. కొల్లాపూర్ అన్నాను. ఏ వాడ అని అడిగాడు. చెప్పాను. మా దిక్కు వాడ చెప్తే కులం చెప్పినట్టే. వెంటనే ఆ గది ఆయన తమ్ముడికి అవసరమైంది. ఇక రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని.

తొమ్మిదో తరగతి వెనక బెంచీకి ఒక పిల్ల పెద్ద. ఎడ్ల దళారి కూతురు. దిద్దిన నోటుబుక్కు చేతికివ్వబోతే "ఆడ పెట్టుండ్రి మేడం" అని బల్ల చూపించేది. వెనక బెంచీ మొత్తం అదే దారి. నన్ను తాకితే తలస్నానం చేయాలని ఇళ్లల్లో చెప్పి పంపారట. చలికాలం పిల్లలకు అది శిక్షే. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఒక్కరైనా నా చేతి నుంచి పుస్తకం అందుకోకపోతే ఎండాకాలం సెలవుల్లో బదిలీ పెట్టుకుని పోవాలనుకున్నాను.

సంత రోజు తరగతి సగం ఖాళీ. మర్నాడు ఆ పిల్లను, సంతలో దళారులు నలుగురికీ తెలియకుండా తువ్వాల కింద వేళ్లు పట్టుకుని ఎడ్ల ధర ఎట్లా చెప్తారని అడిగాను.

"నోటితోటి చెప్తె రాదు మేడం, చెయ్యి పట్టాలె" అంది. అని నాలిక కరుచుకుంది.

కాసేపు ఆలోచించి, సంచిలోంచి పాత తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పింది. కనపడకపోతే అంటు లేదని తీర్మానించినట్టుంది. కింద వేళ్లు తగులుతూనే ఉన్నాయని నేను గుర్తు చేయలేదు. అన్ని లెక్కలూ బోర్డు మీద చెయ్యక్కర్లేదు.

అప్పటినుంచి హోంవర్కుకు అదే బేరం. నేను ఆరు లెక్కలంటే ఆమె మూడు వేళ్లు పట్టేది. నాలుగుకు తెగేది. ఒప్పుకున్న బేరమని వెనక బెంచీ కూడా చేసుకొచ్చేది.

సంగతి ఇంటికి చేరింది. ఒకరోజు ఆమె తండ్రి వచ్చి తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"ఏందే, మేడం చెయ్యి పట్టుకుంటున్నవంట?" అని బిడ్డను అడిగాడు.

అంతా మళ్లీ బల్ల దగ్గరికే వచ్చిందనుకున్నాను.

ఆ పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది. తువ్వాల ఇంట్లో మరిచిపోయానంది. అది బెంచీ మీద అందరికీ కనిపిస్తూనే ఉంది. తండ్రి చూస్తుండగా ఉత్త చెయ్యి చాపి నా మూడు వేళ్లు గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యాల మూడే మేడం."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ ఒక్కరోజు నేను బేరమాడలేదు.