సిలికాన్‌లో బంగారం

ప్రయోగశాలలో ఆమెను అందరూ సూదికన్ను అనేవారు. దుమ్ము కూడా ఆమెను అడిగే లోపలికి వస్తుందని చాటుగా నవ్వుకునేవారు. అద్దంలా మెరిసే సిలికాన్‌లో ఏ త్రాసుకూ అందని మలినాలను పట్టడం ఆమె పని. చిన్న ముక్కను క్వార్ట్జ్ గొట్టంలో మూసి రియాక్టర్‌లోకి పంపుతారు. న్యూట్రాన్లు తగిలి లోపలివి రేడియోధార్మికమవుతాయి. సిలికాన్ సొంత కిరణాలు గంటల్లోనే అణగిపోతాయి. తర్వాత ఒక్కో మలినం తనదైన గామా కిరణాలతో దొరికిపోతుంది.

ఆ ఏడాది వరసగా బంగారం దొరికింది. లవలేశమే, కానీ ఆ సిలికాన్‌తో చేసే పరికరాలు చెడడానికి అది చాలు. ఆమె ముందు తన చేతినే అనుమానించింది. తానే మూసిన ఖాళీ గొట్టాన్ని పరీక్షిస్తే అందులో ఏమీ లేదు. ముక్కల పైపొర తీసేసి చూస్తే బంగారం మాయమైంది. అంటే అది సిలికాన్ లోపలిది కాదు, ఎవరి చేతి నుంచో పైన అంటుకుంది.

ముక్కలను కడిగి సర్దేది ఆమె తమ్ముడు. భార్య పోయినప్పటి నుంచి వాడి చిటికెనవేలికి ఆ పిల్ల బంగారు ఉంగరమే ఉంది.

సాయంత్రం వాడి ఇంటికి వెళ్ళి, పనిలో అది తీస్తున్నావా అని అడిగింది.

"రావట్లేదక్కా, వేలు వాచింది. గ్లవ్స్ వేసుకుంటున్నాగా."

"అక్కడే గ్లవ్ చిరుగుతోందిరా."

వాడు ఉంగరాన్ని తిప్పబోయాడు, అది కదల్లేదు. "ఈసారికి చూసీ చూడనట్టు వదిలెయ్. ఉంగరం కోయించడం నావల్ల కాదు."

తప్పు గొట్టాలదని ఆమె చెప్పినా అడిగేవాళ్ళు లేరు. అయినా పొద్దున్నే అధికారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఉంగరం కోయించుకుంటే ఉద్యోగం ఉంటుందన్నారు. వాడు ఒప్పుకోలేదు. పని మానేసి సిమెంటు గోదాములో బస్తాలు మోయడానికి కుదిరాడు. తర్వాత వచ్చిన ముక్కలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. అధికారి మెచ్చుకుంటుంటే ఆమె తల దించుకుంది.

వానాకాలంలో ఆ వేలికి చీము పట్టింది. ఆస్పత్రిలో ఉంగరం కోయక తప్పలేదు, వేలూ దక్కలేదు. కబురు తెలిసి ఆమె పరుగున వెళ్ళింది. ఈవిడ మీకేమవుతారని నర్సు వాడిని అడిగింది.

"ఇదివరకు పనిచేసిన చోట మేడమ్," అన్నాడు వాడు, గోడ వైపు తిరిగి.

నర్సు బయటికి పొమ్మనేదాకా ఆమె మంచం పక్కన స్టూలు మీదే కూర్చుంది.