జడ వేసుకోలేని అమ్మాయితో గొలుగొండ క్యాంపు

కన్నకూతురు ఏడవాలని మొక్కుకుని ప్రయాణం కట్టిన తండ్రిని ఈ భూమండలం మీద నేనొక్కడినే అయి ఉంటాను. దుర్మార్గుడినని తేల్చేసే ముందు కారణం వినండి.

మా హారిక పదో తరగతి. పరీక్షలయ్యాక ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేయాలని మా ఆవిడ, ఇక్కడే అనకాపల్లిలో చదివించాలని నేను. ఈ తగువు ఎంత ముదిరిందంటే, వంటింట్లో కుక్కర్ కూడా ఆవిడ పక్షాన కూత పెట్టేది. సరిగ్గా అప్పుడే స్కూలు వాళ్లు గొలుగొండ అవతల కొండల కింద సాహస క్యాంపు అన్నారు. రెండు రాత్రులు గుడారాల్లో పడక, పగలు తాళ్ల వంతెనలు, గోడలెక్కడాలు. మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

“అక్కడ ఏడవకుండా ఉందా, విజయవాడ. ఏడిసిందా, ఇక్కడే. మీరూ తోడెళ్లి చూసి రండి.”

గెలుపు నాదే అనుకున్నాను. ఆ పిల్లకి జడ వేసుకోవడం రాదు మరి! మా ఆవిడ నర్సు, తెల్లారకుండానే డ్యూటీకి వెళ్లిపోతుంది. నాది పుస్తకాల కొట్టు, ఎప్పుడు తీసినా అడిగేవాడు లేడు. అందుకని రెండో తరగతి నుంచీ జడల శాఖ నాదే. మొదట్లో అవి పడవ మోకుల్లా ఉండేవి. పోను పోను ఎంత బిగువొచ్చిందంటే, తుపానుకి మా వీధి కరెంటు స్తంభాలు వాలాయి గాని మా పిల్ల జడ వాలలేదు. ఒకప్పుడు ఎక్కాలు అప్పజెప్పించేవాణ్ణి, తర్వాత స్నేహితుల తగాదాలు వినేవాణ్ణి. ఆ పిల్ల కబుర్లన్నీ నేను వెనకాల కూర్చునే విన్నాను.

శుక్రవారం ఉదయం ఆరున్నరకి స్కూలు బస్సు కదిలింది. నా సంచీలో దుప్పట్లు చూసి, హిమాలయాలకేమోనని డ్రైవరు కంగారుపడ్డాడు. పీటీ మాస్టారు అప్పలనాయుడు నాతో చదువుకున్నవాడే. నన్ను చూడగానే మొదలెట్టాడు.

“ఏటి బావా, పిల్లలకి నువ్వు తోడొత్తన్నావా, నీకు పిల్లల్ని తోడు తెచ్చుకున్నావా?”

తాళ్లపాలెం దగ్గర హైవే వదిలాం. ముందు చెరకు ట్రాక్టరు, వెనక మేము. దాని వేగానికి రోడ్డు పక్క వరిచేలు కూడా మమ్మల్ని దాటి వెళ్లిపోతున్నట్టనిపించింది. మా రోజుల్లో స్కూలు యాత్ర అంటే కొండకర్ల ఆవ చెరువు దాకా సైకిళ్లే. ఈ నాయుడు ముందు తొక్కేవాడు, నేను వెనక క్యారేజీ మీద పులిహోర కాపలా కాసేవాణ్ణి. గట్టు చేరేసరికి గిన్నె సగం ఖాళీ. కాపలా అంత గట్టిది!

ఎనిమిదిన్నరకి నర్సీపట్నంలో ఇడ్లీలకి ఆగాం. హోటలామె పిల్లల దండు వైపు చూసి అడిగింది.

“ఇందర్లో మీ పిల్ల ఎవులు బాబూ?”

చూపించాను.

“మరైతే మిగతావోలు ఇడ్లీలందుకోకముందే మీరిద్దరూ తినీండి.”

వెళ్లదలచినవారు ఆమె మాట వినండి. ఆపైన కొండలు తప్ప తినడానికేమీ దొరకదు.

పదింటికి క్యాంపు చేరాం. తాళ్ల వంతెన నిజానికి మనిషెత్తు కన్నా ఎక్కువ ఉండదు గాని, ఎక్కాక మాత్రం మబ్బులు నా మోకాళ్లకి తగిలాయి. హారిక నవ్వుకుంటూ దాటేసింది. నేను నడిమధ్య ఆగిపోయాను. పిల్లలు “అంకుల్, కిందకి చూడకండి!” అని కేకలు.

“మా నాన్న పైకి కూడా చూడడర్రా,” అంది హారిక. “దేవుడు పలకరిత్తాడని భయం.”

మధ్యాహ్నం నుంచీ పిల్లకి ఇంటి బెంగ పుట్టించాలని నా ప్రయత్నాలు నేను చేశాను. “అమ్మ ఈపాటికి పప్పుచారు పెట్టుంటుంది పాపం,” అన్నాను దిగులుగా.

“ఆకలేత్తందా నాన్నా?” అంది పిల్ల.

మర్నాడు ఏడింటికి, మంచు ఇంకా విడవలేదు. జేబులో దువ్వెన, రిబ్బను పెట్టుకుని, ఆడపిల్లల గుడారాల ముందున్న మైదానంలోకి బయల్దేరాను. పిల్ల జుట్టు విరబోసుకుని నా కోసం ఎదురు చూస్తుంటుందని నా నమ్మకం.

హారిక ఒక రాతి మీద కూర్చుని ఉంది. ముందు ఆరో తరగతి పిల్ల ఒకత్తి, ఇంటికెళ్లిపోతానని వెక్కుతోంది. హారిక దానికి జడ వేస్తోంది. పాయ తిప్పడం, చివర్న ఒక్క గుంజు గుంజి రిబ్బను బిగించడం, అచ్చం నా చేతివాటమే. తన జడ అప్పటికే అయిపోయింది.

“ఏడుత్తా ఉంటే జడ వంకరొచ్చేత్తాది,” అంటోంది. “తొమ్మిదో ఎక్కం చెప్పు.”

ఆ పిల్ల వెక్కుతూనే ఎక్కం అందుకుంది. తొమ్మిది నాలుగుల దగ్గర వెక్కిళ్లు ఆగాయి.

నా చేతిలో దువ్వెన మా అమ్మాయి కంట పడింది. ఆరో తరగతి పిల్లని పంపేసింది.

“ఎప్పట్నుంచి వచ్చు?” అన్నాను.

“ఏడో క్లాసు.”

“చెప్పలేదేం?”

“చెప్తే మానేత్తావు కదా.”

ఆ కొండల్లో పొద్దుటి మంచు నేరుగా కళ్లల్లోకి దిగుతుంది. వెళ్లేవారు మరిచిపోకుండా తువ్వాలు పట్టుకెళ్లాలి.

ఆదివారం భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. రోడ్డు బాగుంది, తిండి బాగుంది, పిల్లల ప్రాణానికి ఎంతో బాగుంది. తండ్రులకి మాత్రం నేను గట్టిగా సిఫార్సు చేయలేను. హారిక వెనక సీట్లో స్నేహితురాళ్ల మధ్య నోరు తెరిచి నిద్రపోతోంది. నర్సీపట్నంలో బస్సు ఆగీ ఆగగానే మా ఆవిడ ఫోను.

“ఏడిసిందేటండీ?”

ఒక్క మాట చాలు, పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది. సాక్షులందరూ నిద్రలో ఉన్నారు. నాయుడొక్కడే నా మొహంలోకి చూస్తున్నాడు.

“చెప్పు బావా,” అన్నాడు, ఈసారి నవ్వకుండా.

“లేదు,” అన్నాను. “పక్క పిల్లల్ని కూడా ఏడవనివ్వలేదు. విజయవాడే వేసేద్దాం.”

అటువైపు కుక్కర్ ఒక కూత పెట్టింది.

“పిల్ల ఉంటాదని నాకు తెలుసండీ,” అంది మా ఆవిడ. “మీరుండగలరో లేదో తెలీకే మిమ్మల్ని పంపేను. ఉండగలరా?”

“హలో... హలో... సిగ్నల్ లేదు,” అన్నాను.

బస్సు సరిగ్గా సెల్ టవరు కిందే ఆగి ఉంది.