మినుకుమనే దీపాన్ని నమ్ముకున్న తేజేశ్వర్

తేజేశ్వర్ మొట్టమొదట గెలిచింది చీమతలకాయంత దీపం మీద. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మేడ మీద కూర్చుని, కింద చల్లగదిలో ఉన్న సర్వర్ దీపాన్ని, కీబోర్డు మీద ఒక్క వరస అక్షరాలు కొట్టి మినుకుమినుకుమనిపించాడు. ఆ వరస కుదరడానికి వానాకాలమంతా పట్టింది. నేర్పేవాళ్ళు లేరు. ఇంగ్లీషు మాన్యువల్ ముందేసుకుని, తప్పు కొట్టిన ప్రతిసారీ తెర మీద వచ్చే ఎత్తిపొడుపు చదువుకుని, మళ్ళీ కొట్టేవాడు.

కింద గదిలో ఫోను చెవిన పెట్టుకుని నిలబడ్డ సహాయకుడు జోయెల్ అరిచాడు.

"వెలిగిందండీ! మూడో గూట్లోది కన్ను కొడుతోంది. నాకా అండీ, మీకా?"

"నీకే. అక్కడ ఇంకెవరున్నారు?"

"మా ఆవిడకి చెప్పకండి మరి."

తేజేశ్వర్‌కి నవ్వు రాలేదు. ఫోను కింద పెట్టి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. గెలిచినవాడిలా కాదు, ఒడ్డున పడ్డవాడిలా ఉన్నాడు.

ఆ దీపం సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ఆసుపత్రిలో తీసే స్కాన్లన్నీ సర్వర్లలో దాస్తారు. సర్వర్ ముందువైపు గూళ్ళుంటాయి, గూటికో డిస్కు, డిస్కుకో దీపం. డిస్కు బాగుంటే ఆకుపచ్చ, పాడైతే నారింజ. పాడైనదాన్ని లాగేసి కొత్తది పెట్టాలి. ఒకటి పోతే మిగతావి కలిసి కాపు కాస్తాయి, రెండు పోతే అంతా పోతుంది. అందుకే లాగే ముందు కీబోర్డు నుంచి ఆజ్ఞ ఇచ్చి, ఆ గూటి దీపాన్ని మినుకుమనిపించి, అదేనని రూఢి చేసుకుంటారు. మిగతావాళ్ళకి అది జాగ్రత్త. తేజేశ్వర్‌కి అదే ఆధారం. అతనికి ఆకుపచ్చకీ నారింజకీ తేడా తెలియదు.

పెడన మగ్గాల వీధిలో రామలింగం కొడుకు అతను. తాతముత్తాతల నుంచి రంగు నూలు మీద బతికిన ఇల్లు. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు తండ్రి అతన్ని మగ్గం మీద కూర్చోబెట్టాడు. ఆకుపచ్చ చీరకి ఎర్రంచు. కుర్రవాడు నాడెలో ఎర్ర నూలు కండె పెట్టాల్సిన చోట ఆకుపచ్చది పెట్టి జానెడు నేసేశాడు.

"ఒరేయ్, కళ్ళు నెత్తికెక్కాయా? ఎర్రదేదో పచ్చదేదో కనపడట్లా?"

"కనపడుతోంది నాన్నా."

"కనపడే చేశావా! అంటే నా మీద కసి అన్నమాట." రామలింగం చెయ్యి చేసుకున్నాడు.

తల్లి హనుమాయమ్మ ఒక్కతే కనిపెట్టింది. ఆవిడ తండ్రికీ ఇదే లోపం. మిరపతోటలో పండుకాయ ఏదో పచ్చికాయ ఏదో పక్కవాళ్ళు చెప్పాల్సిందే. ఆవిడ మర్నాటి నుంచి ఎర్ర నూలు చిలపకి ఒక ముడి, ఆకుపచ్చ చిలపకి రెండు ముళ్ళు వేసి పెట్టేది. "మీ నాన్నకి చెప్పకు. చూపు లేనివాణ్ణి కన్నానని నన్నంటారు" అంది. చెప్పకూడదన్న మాట ఆ ఇంట్లో అలా మొదలైంది.

ఉన్నమాట చెప్పుకోవాలి, చదువులో అతనికి తిరుగులేదు. బందరు కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్లు ఫస్టు క్లాసులో పాసయ్యాడు. ఆ వీధిలో అంతకు ముందు ఆ చదువు చదివినవాడు లేడు. రైలు ఇంజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష రాసి మొదటి ప్రయత్నంలోనే నెగ్గాడు. ఆ రోజు వీధంతా స్వీట్లు పంచారు. ఆ తరవాత విజయవాడలో వైద్యపరీక్ష. అక్కడ డాక్టరు రంగు చుక్కల పుస్తకం తెరిచి, చుక్కల మధ్య అంకె చదవమన్నాడు. తేజేశ్వర్‌కి చుక్కలు తప్ప అంకె కనబడలేదు. ఇంటికొచ్చి, "ఆ ఉద్యోగం నాకొద్దు, రాత్రిళ్ళు డ్యూటీలు" అన్నాడు. కాళ్ళ దగ్గరికొచ్చిన సర్కారు ఉద్యోగాన్ని తన్నేశాడని వీధి వీధంతా నోరు చేసుకుంది. పడ్డాడు గానీ నిజం చెప్పలేదు.

ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగంలో చేరాక మళ్ళీ రంగులే ఎదురయ్యాయి. అందరికీ ఇచ్చిన బొమ్మల తెర మీద పాడైన డిస్కు ఎర్రగా, మంచిది ఆకుపచ్చగా కనిపిస్తుంది. అతనికి రెండూ ఒకే మట్టిరంగు. అందుకే నల్లతెర మీద అక్షరాలు కొట్టే పద్ధతి పట్టుకున్నాడు. అక్కడ పాడైతే పాడైందని మాటల్లోనే వస్తుంది. దీపం మాత్రం మాటల్లో రాదు కాబట్టి, దానికి మినుకు నేర్పాడు. రంగు మోసం చేస్తుందేమో గానీ, ఆరి వెలిగేది మోసం చెయ్యదు.

ఆ పనిలో అతను సాధించినవి చిన్నవి కావు. సర్వర్ మొత్తాన్ని గుర్తుపట్టే నీలం దీపాన్ని, గూళ్ళ దీపాలను, అన్నిటినీ ఒకే చోట కూర్చుని నడిపాడు. కొత్త చల్లగది ప్రారంభించిన రోజు, దీపాలన్నీ ఎడమ నుంచి కుడికి ఒకదాని వెంట ఒకటి మినుకుమనేలా ప్రోగ్రాము రాశాడు. పెద్ద డాక్టర్లు చప్పట్లు కొట్టారు. జ్ఞాపిక ఇచ్చారు. ఆ ఫొటో పెడనలో రామలింగం ఇంట గోడకెక్కింది.

ఒక్కటే నియమం పెట్టుకున్నాడు. కీబోర్డు తనది, గూటి ముందు నిలబడేది జోయెల్. "ఏ రంగుందో చెప్పు" అని ఎప్పుడూ నేరుగా అడగలేదు. "ఎలా ఉంది?" అనేవాడు. "నారింజేనండి, లాగేస్తున్నా" అనేవాడు జోయెల్. జోయెల్ కాంట్రాక్టు మనిషి, గుణదలలో కాపురం. ఎన్నేళ్ళు కలిసి పనిచేసినా ఎందుకండీ అని అడగలేదు.

ఈ ఏడాది జనవరిలో కొత్త రకం సర్వర్ పెట్టె వచ్చింది. స్కాన్లన్నీ అందులోకి ఎక్కించారు. దానికి నకలు తీసే ఏర్పాటు తరవాత చూద్దామన్నాడు మేనేజరు కిరణ్‌కుమార్. ఆ పెట్టె మీద తేజేశ్వర్ ఆజ్ఞ పారలేదు. కొడితే, ఈ పెట్టెకి ఆ సదుపాయం లేదని జవాబొచ్చింది. కంపెనీకి రాశాడు. చూస్తామన్నారు.

ఫిబ్రవరి పదకొండున గుణదల మేరీమాత తిరునాళ్ళు. ముందురోజే జోయెల్ వచ్చి నిలబడ్డాడు.

"అమ్మకి కొండెక్కే మొక్కుందండి. మోకాళ్ళు చూస్తే అలా ఉన్నాయి. నేను పట్టుకోకపోతే ఎక్కలేదు."

"వెళ్ళిరా. ఒక్క రోజుకి ఏం కొంప మునుగుతుంది?"

"లీవు రాయమంటారా?"

"నేను చెప్పానుగా, వెళ్ళు."

తిరునాళ్ళ నాటి మధ్యాహ్నమే కొత్త పెట్టెలో ఒక డిస్కు పోయింది. నల్లతెర మీద ఆరో నంబరు అని వచ్చింది. తేజేశ్వర్ కొత్త డిస్కు పట్టుకుని చల్లగదిలోకి వెళ్ళాడు. గూళ్ళ దీపాలన్నీ నిలకడగా వెలుగుతున్నాయి. ఒక్కటీ మినుకుమనడంలేదు. అన్నీ ఒకే రంగు. ఫొటో తీసి జోయెల్‌కి పంపాడు. కొండ మీద జనసందోహంలో ఫోను పనిచేస్తేగా, ఒకే టిక్కు దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు ఫోను చేశాడు, కలవలేదు. పైనుంచి కిరణ్‌కుమార్ ఫోను.

"ఇంకా మార్చలేదా తేజేశ్వర్ గారూ? ఇంకోటి పోతే మనం రోడ్డు మీదే."

"మారుస్తున్నానండి."

తలుపు తీసి బయటికి వచ్చాడు. వాచ్‌మన్ అంతోని స్టూలు మీద కూర్చుని టిఫిను డబ్బా మూత పెడుతున్నాడు. ఒక్క నిమిషం లోపలికి రా, ఇందులో రంగు వేరేగా ఉన్నదేదో చూపించు అంటే చాలు. చంటిపిల్లాడైనా చూపిస్తాడు. తేజేశ్వర్ నోరు తెరిచాడు.

"భోజనం అయిందా?"

"అయిందండి. ఏమన్నా కావాలా?"

"ఏం లేదు."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. పెట్టె అంచు మీద అంకెలున్నాయి. ఆరు అని ఉన్న గూటి పిడి పట్టుకుని లాగేశాడు.

నల్లతెర సున్నా నుంచి లెక్కపెడుతుంది. పాత పెట్టెల మీద అంకెలూ సున్నా నుంచే ఉండేవి. ఈ పెట్టె మీద ఒకటి నుంచి వేశారు. తెర మీది ఆరు అంటే పెట్టె మీది ఏడు. ఏడో గూటి దీపం డిస్కు పోయినప్పటి నుంచీ నారింజగా వెలుగుతూనే ఉంది, అతని చేతికి బెత్తెడు దూరంలో.

లాగినదాన్ని మళ్ళీ తోసినా లాభం లేకపోయింది. పెట్టె కుప్పకూలింది. కంపెనీవాళ్ళు వచ్చి కొంత బయటికి తీశారు. జనవరి తరవాతి స్కాన్లు చాలా పోయాయి.

ఆ పోయినవి ఏమిటో తేజేశ్వర్ కళ్ళారా చూశాడు. స్కానింగు గది ముందు అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన శౌరయ్య అనే ముసలి కూలీ, భార్య ఆదెమ్మని బల్ల మీద పడుకోబెట్టుకుని ఉన్నాడు. ఆవిడకి కడుపులో గడ్డ. మందు ఎంతవరకు పనిచేసిందో పాత స్కానుతో పోల్చి చూడాలని డాక్టరు చెప్పాడు. పాతది లేదు.

"మళ్ళీ ఆ సొరంగంలోకి తోస్తారా బాబూ? మళ్ళీ పస్తుంచాలా దీన్ని?" అని, మెడలో కార్డున్న తేజేశ్వర్‌ని చూసి శౌరయ్య అడిగాడు.

"ఒక్కసారి చేయించండి, పెద్దాయనా."

"ఎందుకు పోయిందంట అది?"

తేజేశ్వర్ మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు శౌరయ్య భార్యని ఇంటికి తీసుకుపోయాడు. మళ్ళీ స్కానుకి తీసుకురాలేదు. నర్సు ఫోను చేస్తే, "ఇంక వద్దులేమ్మా, అది పడుకుంది, పడుకోనియ్యండి" అన్నాడట.

వారం తిరక్కుండా కిరణ్‌కుమార్ తేజేశ్వర్‌ని తన గదికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఆ రోజు డ్యూటీ జోయెల్‌ది. లీవు లేదు, మనిషి లేడు. పైవాళ్ళకి అదే పంపుదాం. కాంట్రాక్టు మనిషి, ఇంకోచోట చేరతాడు. మీరు అవునంటే అయిపోతుంది."

"నేనే వెళ్ళమన్నానండి."

"నోటితో అన్నారు. ఎవరు విన్నారు?" కిరణ్‌కుమార్ గొంతు తగ్గించాడు. "లేకపోతే అడుగుతారు కదా, ఇన్నేళ్ళ అనుభవం ఉండి, కళ్ళెదుట నారింజ దీపం పెట్టుకుని పక్కది ఎందుకు లాగావని. ఏం చెప్తారు?"

తేజేశ్వర్ రేపు చెప్తానని లేచాడు. ఆ సాయంత్రం జోయెల్ ఎదురుపడ్డాడు. తిరునాళ్ళలో తీయించిన గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి.

"నన్ను పంపించేస్తారంటగా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటన్నారండి. నేను మాత్రం ఎవరికీ ఏం చెప్పలేదు. ఆ ఫొటో నాకు రాత్రికి వచ్చింది. మీరెందుకు పంపారో నాకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు." అంతే అన్నాడు. చెప్పమనలేదు, చెప్పొద్దనలేదు.

ఇంటికి వెళ్ళి భార్య శ్రీదుర్గకి చెప్పాడు. ఆవిడ బియ్యం కడుగుతూ విన్నది.

"పెళ్ళిచూపుల్లో నా చీర రంగు బాగుందా అంటే, అంచు బాగుందన్నారు. ఆ చీరకి అంచే లేదు. నాకు అప్పుడే తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"మీరు చెప్తారని చూశాను. ఆ వాచ్‌మన్‌ని ఒక్క మాట అడిగుంటే పోయేది కదండీ!" అని గిన్నె అలాగే వదిలేసి ఏడ్చింది. దాచాననుకున్నది దగ్గరివాళ్ళందరికీ తెలుసు. తెలియాల్సిన చోట తెలియలేదు.

మర్నాడు పెద్దల కమిటీ ముందు నిలబడి అంతా చెప్పాడు. రైల్వే చుక్కల పుస్తకం దగ్గర్నుంచి, అంతోనిని భోజనం సంగతి అడగడం దాకా. జోయెల్‌ని తానే పంపానన్నాడు. కిరణ్‌కుమార్, "ఈ కళ్ళతో ఇన్నేళ్ళు మా సర్వర్లలో చేతులు పెట్టావా!" అన్నాడు. అంతవరకూ మీరు అన్నవాడు ఆ రోజే నువ్వు అన్నాడు. కొత్త పెట్టెకి నకలు ఎందుకు లేదని ఎవరో అడిగారు గానీ, ఆ ప్రశ్న అక్కడే మాసిపోయింది.

జోయెల్ ఉద్యోగం నిలిచింది. తేజేశ్వర్ దగ్గర చల్లగది తాళం తీసుకుని, కమిటీ తేల్చేదాకా పనిలోకి రావద్దన్నారు. దీపాలను నడిపే అతని ప్రోగ్రాములకి వాడుక ఆపేశారు. కంటి డాక్టరు పరీక్ష చేసి, ఇది పుట్టుకతో వచ్చింది, మందు లేదు, అద్దాలు లేవు అని రాసిచ్చాడు. ఎంత చదివినా, ఎన్ని దీపాలు మినుకుమనిపించినా, ఆ కాగితంలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

ఇప్పుడు భార్యతో పెడనలో ఉన్నాడు. వీధిలో జనం పలకరిస్తే పలుకుతాడు. ఆదెమ్మ గురించి ఒకసారి అవనిగడ్డ వెళ్ళి కనుక్కుని వచ్చాడు. ఆవిడ అప్పటికే పోయింది. శౌరయ్య అతన్ని గుర్తుపట్టి మంచినీళ్ళిచ్చాడు. నేనే లాగానని తేజేశ్వర్ చెప్పాడు. శౌరయ్య గ్లాసు తీసుకుని, "ఎండగా ఉంది, బస్సు దాకా నీడన నడువు" అన్నాడు.

అతన్ని మళ్ళీ తీసుకుంటారో, తీసుకుంటే ఏ కుర్చీలో కూర్చోబెడతారో కమిటీ ఇంకా తేల్చలేదు. కంటి డాక్టరు కాగితంతో విజయవాడ తిరిగి రమ్మని మాత్రం కబురొచ్చింది. తిరిగి రావలసిన తేదీ 2026 జూన్ 15, సోమవారం.