మా అత్తకు కనబడని దుమ్ము

పోయిన ఆదివారం పొద్దున మా అత్త చనిపోయింది. బోధన్‌లో మా వాడకట్టు వాళ్లంతా పరుగున వచ్చారు. వచ్చి, లోపలికి అడుగుపెట్టే ముందు నల్లా దగ్గర బుద్ధిగా కాళ్లు కడుక్కున్నారు. ఏడుపు ఆ తర్వాతే. మనిషి పోయినా ఆమె అంటే భయం పోలేదు మరి!

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి ఆయాసం. నాలుగడుగులు పరిగెత్తితే ఛాతీలో పిల్లికూతలే. నిజామాబాద్ డాక్టరు "ఇంట్లో దుమ్ము ఉండొద్దు" అన్న రోజు నుంచి అత్త దుమ్ము మీద కత్తి కట్టింది. పొడి చీపురు బంద్, తడిబట్టే. దుప్పట్లు మరిగే నీళ్లలో, పరుపులు ఎండలో. కిటికీ పరదాలు పీకి పారేసింది.

పసుపు కాలంలో ఆమె తమ్ముడు వేల్పూర్ కళ్లం నుంచి నేరుగా వచ్చాడు, తల నుంచి కాళ్ల దాకా పచ్చగా.

"ఆడ్నే ఆగు! లోపటికొస్తె కాళ్లిరగ్గొడుత."

"అక్కా, పసుపేనే. శుభం."

"శుభం నీ ఇంట్ల పెట్టుకో. పోరికి దమ్మొస్తె నువ్వు ఊపిరి పోస్తవా?"

పాపం, ఆ పెద్దమనిషి పెరట్లో నీళ్లు పోసుకుని, అక్క చీర చుట్టుకుని అన్నం తిన్నాడు.

ఇంత చేసినా పిల్లకు తగ్గలేదు. మళ్లీ వెళ్తే డాక్టరు మరకలు పడ్డ అత్త వేళ్లు చూసి, "బీడీలు చేస్తవా అవ్వా? ఇంట్లనేనా?" అన్నాడు.

"ఇంట్లనే సారు. పోరి నా పక్కకే పండుతది."

"మరి తంబాకు పొడి దుమ్ము కాదా?"

అత్తకు రోషమొచ్చింది. "గది దుమ్మెట్లయితది సారు? గది మా బువ్వ!"

ఇల్లంతా గాలించిన మనిషికి ఒళ్లోని తంబాకు చాట కనబడలేదు. మాకు మాత్రం కనబడిందా? మా వాడలో తంబాకు వాసన లేని ఇల్లేది!

తిరుగు బస్సులో ఆమె కండక్టరుతో కూడా పోట్లాడలేదంటే చూడండి. మరునాడే చాట, ఆకు, తంబాకు ఎత్తుకుని వీధి అవతలి రేకుల షెడ్డుకు మారింది. ఎండకు రేకులు కాలుతున్నా అక్కడే. సాయంత్రం తలస్నానం చేసి చీర మార్చేదాకా మనవరాలిని ముట్టేది కాదు. పిల్ల చేతులు చాపి ఉరికొస్తే, "ఆగు బిడ్డా, ఇప్పుడు నేనే దుమ్ము!" అని తానే పారిపోయేది. ఎంత నవ్వుకునేవాళ్లమో!

పిల్ల మెల్లమెల్లగా తేరుకుంది. మొన్న పాడె లేవగానే "అవ్వా!" అంటూ వెంట పరిగెత్తింది. ఎక్కడ ఆయాసం వస్తుందోనని ఇన్‌హేలర్ పట్టుకుని నేనూ వెనకే ఉరికాను. వీధి మలుపులో నాకే రొప్పు వచ్చి ఆగిపోయాను. అది గొంతెత్తి ఏడుస్తూ ఇంకా పరిగెత్తుతూనే ఉంది.