తలుపు మారిన ఇల్లు

మేస్త్రి నలభై ఏళ్లపాటు ఊళ్లోవాళ్లందరి ఇళ్లకూ గచ్చులు వేశాడు. సొంతింటి పని మాత్రం ఎప్పటికప్పుడు రేపటికి వాయిదా పడేది. చివరికి డెబ్బై ఒకటో ఏట, భార్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక తాపీ చేతబట్టాడు.

ఆమెకు అప్పటికే మతిమరుపు జబ్బు. స్టవ్ వెలిగించి మరిచిపోయేది. కూతుర్ని చూసి చెల్లెలనుకునేది.

"అమ్మని ఏదైనా హోంలో చేర్పిద్దాం నాన్నా. నీ ఒక్కడి వల్ల కాదు," అంది కూతురు.

"నా కాళ్లూ చేతులూ ఆడినన్నాళ్లూ ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

ఆమె ఆస్పత్రిలో ఉన్న ఐదు వారాల్లో ఇంటి రూపే మార్చేశాడు. గడపలు తీసేశాడు. నున్నటి టైల్స్ పెకలించి, తడిసినా జారని గరుకు పలకలు పరిచాడు. గోడల వెంట స్టీలు కడ్డీలు బిగించాడు. స్నానాలగదికి వంటగది వైపున్న తలుపు మరీ ఇరుకు. దాన్ని ఊడబీకి, ఆ ఖాళీని ఇటుకలతో మూసేసి, పడగ్గది వైపు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పాటి తలుపు పెట్టాడు. మంచం దిగితే నాలుగే అడుగులు.

ఆమె వచ్చింది. వాకర్ పట్టుకుని గదులన్నీ తిరిగింది.

"ఎవరిల్లండీ ఇది?"

"మనదేనే."

"వేళాకోళాలొద్దు. మనింటికి పోదాం పదండి."

రోజంతా అదే మాట. మూడోనాటి పొద్దున ఆమె మంచం మీద లేదు. వంటగదిలో, పాత తలుపు ఉండే చోట, గొళ్లెం కోసం గోడంతా తడుముతోంది. "లోపలెవరు? తలుపు తీయండి!" అని అరుస్తోంది. ఆయన చేరేలోపే చీర తడిసిపోయింది. గోడకు ముఖం ఆనించి చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆమెను కడిగి, చీర మార్చి, పడుకోబెట్టి, సుత్తి తెచ్చాడు.

"మతి పోయిందా నాన్నా? మొన్ననేగా కట్టావు!" అంది కూతురు.

"మీ అమ్మకి గుర్తున్న ఇల్లు ఇదొక్కటే. దాన్ని నా చేతులతోనే చెరిపేశానే," అన్నాడు.

పెరట్లో పడేసిన ఆకుపచ్చ తలుపు తెచ్చి మళ్లీ బిగించాడు. ఆమె తిన్నగా వెళ్లి గొళ్లెం తీసింది. తడబడలేదు. బయటికొచ్చి, సిమెంటు చేతులతో నిలబడ్డ ఆయన్ని చూసింది.

"పనైపోయిందిగా, ఇక వెళ్లవయ్యా. మా ఆయనొచ్చే వేళైంది."

ఆయన చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, వీధి చివరిదాకా నడిచి తిరిగొచ్చాడు.

"ఇంత ఆలస్యమేంటండీ?" అందామె.

కొన్నాళ్లు అలా గడిచింది. కొన్ని రోజులు అదీ పనిచేసేది కాదు. ఆయన్ని ఎవరో పరాయివాడనుకుని లోపల గడియ పెట్టేసుకునేది. కూతురొచ్చి పిలిస్తే, చెల్లెలి గొంతనుకుని తీసేది. అప్పటిదాకా ఆయన మెట్ల మీదే కూర్చునేవాడు.

మరుసటి ఏడు, జ్వరంతో, తన మంచం మీదే పోయిందామె. చివరి వారమంతా ఆయన చెయ్యి వదల్లేదు. ఎవరి చెయ్యి అనుకుని పట్టుకుందో ఆయన అడగలేదు.